డాబా మీద సోలారా, ముందు ఫ్యాన్లా? నల్గొండ, పాలమూరు ఇళ్లకు కరెంటు లెక్క

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటూ "బొగ్గు కరెంటు వద్దు, శుభ్రమైన కరెంటు ఇచ్చే కంపెనీ ఏదైనా ఉందా?" అని అడిగేవారికి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మనకు ఉన్నది ఒకే కంపెనీ. దక్షిణ తెలంగాణ జిల్లాలన్నింటికీ కరెంటు పంచేది టీజీఎస్పీడీసీఎల్. వరంగల్ కేంద్రంగా పనిచేసే ఎన్పీడీసీఎల్ ఉత్తరాది జిల్లాలది. ఒకటి నచ్చలేదని రెండోదానికి మారే వీలు ఇళ్లవాళ్లకు లేదు. బ్రిటన్‌లో సిమ్ కార్డు మార్చినంత తేలిగ్గా కరెంటు కంపెనీని మార్చేస్తారు. మన దేశంలోనూ ముంబయిలో కొన్ని ప్రాంతాలవాళ్లకు ఇద్దరు సరఫరాదారుల్లో ఒకరిని ఎంచుకునే అవకాశం ఉంది. ఆ పద్ధతిని దేశమంతటికీ తేవాలని 2022 ఆగస్టులో విద్యుత్ సవరణ బిల్లు పెట్టారు. అది స్థాయీ సంఘానికి వెళ్లింది, చివరికి ఆ లోక్‌సభతోపాటే కాలం చెల్లిపోయింది.

పెద్ద వినియోగదారులకు మాత్రం ఒక దారి ఉంది. 2022లో కేంద్రం తెచ్చిన హరిత ఓపెన్ యాక్సెస్ నిబంధనల ప్రకారం 100 కిలోవాట్లు, అంతకంటే ఎక్కువ లోడు ఉన్నవారు సౌర, పవన విద్యుత్తును ఉత్పత్తిదారు నుంచి నేరుగా కొనుక్కోవచ్చు. మిర్యాలగూడ రైసు మిల్లుకు అది పనికొస్తుంది. రెండు, మూడు కిలోవాట్ల లోడున్న ఇంటికి పనికిరాదు.

కాబట్టి మన ముందున్న ఎంపిక వేరు. వాడకం తగ్గించుకోవడమా, డాబా మీద సోలార్ పెట్టించుకోవడమా, బ్యాటరీతో సహా పెట్టించుకోవడమా, లేక ఏమీ చేయకుండా ఉండటమా? ఈ నాలుగింటిలో ఏది ఎవరికి సరిపోతుందో తేల్చేది మీ కరెంటు బిల్లే. సోలార్ కంపెనీ మనిషి ఇంటికి రాకముందే గత పన్నెండు నెలల బిల్లులు బయటికి తీసి పెట్టుకోండి.

తీగలో వచ్చేది ఏ కరెంటు?

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో 900 మెగావాట్లు, జూరాల దగ్గర 234, దాని దిగువన మరో 240. ఇవన్నీ మన జిల్లాల్లోనే ఉన్నాయి కాబట్టి మన ఇంటికి వచ్చేది కృష్ణమ్మ కరెంటేనని అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కరెంటుకు ఇరుగుపొరుగు పట్టింపు ఉండదు. అన్ని కేంద్రాల నుంచీ వచ్చిందంతా గ్రిడ్‌లో కలిసిపోతుంది. పైగా జల విద్యుత్తు వరద ఉన్న నెలల ముచ్చట. ఎండాకాలంలో సాగర్ నీటిమట్టం పడిపోయినప్పుడు మీ ఫ్యాను తిప్పేది ఎక్కువగా బొగ్గే. అదే నల్గొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. అయిదు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు, అన్నీ బొగ్గుతో నడిచేవే.

దేశం మొత్తం గ్రిడ్‌ను సగటున చూస్తే ఒక్క యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మీరు ఆదా చేసిన యూనిట్‌కైనా, మీ డాబా మీద పుట్టిన యూనిట్‌కైనా లెక్క ఒకటే. నేను ఫ్యాన్లను, సోలార్‌ను ఒకే తక్కెడలో తూచడానికి కారణం అదే.

రెండు వందల గీత

కొన్నేళ్లుగా అమల్లో ఉన్న గృహ స్లాబులు ఇలా ఉన్నాయి. నెలకు 100 యూనిట్ల లోపు వాడేవారికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు రూ.3.10 చొప్పున. 100 దాటి 200 వరకు వాడేవారికి మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80. వాడకం 200 దాటితే లెక్క మొత్తం మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 పడుతుంది, ఆపైన 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50, ఆపైన రూ.10.

దీన్ని కాగితం మీద పెట్టి చూడండి. 200 యూనిట్లు వాడితే యూనిట్ల ఛార్జీ రూ.820. ఇంకొక్క యూనిట్ వాడితే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207 పైమాటే! స్థిర ఛార్జీలు, వినియోగదారు ఛార్జీలు, సుంకం దీనికి అదనం.

దీనికి తోడు గృహజ్యోతి. 2024 ఫిబ్రవరి ఆఖరున మొదలైన ఈ పథకం కింద అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. గీత దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టుకోవాల్సిందే. అంటే గృహజ్యోతి ఉన్న ఇంట్లో ఎండాకాలం 230 యూనిట్లు కాలిస్తే రూ.1,251 యూనిట్ల ఛార్జీ, 199 దగ్గర ఆగితే ఏమీ లేదు.

గృహజ్యోతి వస్తూ, ఏడాది పొడవునా 200 లోపే వాడే కుటుంబానికి నా సలహా సూటిగా చెబుతాను: డబ్బు మిగులుతుందన్న ఆశతో అప్పు చేసి సోలార్ పెట్టించుకోవద్దు. ఇప్పటికే సున్నా ఉన్న బిల్లును ఏ ప్యానెలూ అంతకంటే తగ్గించలేదు. పర్యావరణం కోసమే పెట్టిస్తామంటే సంతోషం, అది వేరే లెక్క. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఊరంతా ఇళ్ల మీద సోలార్ వచ్చింది కదా అని ఉదాహరణగా చూపించేవాళ్లుంటారు. అక్కడ రాయితీలతోపాటు బయటి నిధులూ కలిశాయి. మీ జేబులోంచి పెట్టే పెట్టుబడికి ఆ ఊరితో పోలిక పెట్టకూడదు.

200కూ 300కూ మధ్య ఉన్నవాళ్లు: ముందు ఫ్యాన్లు

ఈ బాపతు ఇళ్లే మన పట్టణాల్లో ఎక్కువ. వీళ్లకు అందరూ సోలారే చెబుతారు. నేను ముందు తల పైకెత్తి సీలింగ్ ఫ్యాను చూడమంటాను. పాతకాలపు ఫ్యాను 70, 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని మోటారుతో తిరిగేది) 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుని అంతే గాలి ఇస్తుంది. 40 వాట్ల తేడాతో రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు దాదాపు 17 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 50 యూనిట్లు. 230 యూనిట్ల ఇల్లు 180కి దిగుతుంది, యూనిట్ల ఛార్జీ రూ.1,251 నుంచి రూ.724కు పడుతుంది. గృహజ్యోతి ఉంటే సున్నాకు. ఫ్యాను మూడు వేల రూపాయల లోపే దొరుకుతుంది. ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత లాభం ఇచ్చే సోలార్ ప్యానెల్ ఇంకా పుట్టలేదు.

ఫ్యాన్ల తర్వాత చూడాల్సింది ఏసీ. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండ 44 డిగ్రీలు తాకుతుంది, కాదనను. కానీ మనది పొడి వేడి. తొలకరి పడేదాకా కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదీ 200 వాట్ల లోపే. ఒకటిన్నర టన్నుల ఏసీ దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఏసీ తప్పదనుకునేవాళ్లు 26 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకోండి. గీజరు సంగతి సరేసరి. మన దగ్గర చలి ఉండేది రెండు నెలలు, ఆ రెండు నెలలకు నీళ్లు కాచుకునే పద్ధతులు ఎవరింట్లో వాళ్లకున్నాయి.

ఇదంతా చేశాక కూడా బిల్లు 200 పైనే నిలిస్తే అప్పుడు డాబా ఎక్కండి. వరుస ముఖ్యం. ముందు సోలార్ పెట్టి తర్వాత ఫ్యాన్లు మారిస్తే, అవసరానికి మించిన ప్యానెళ్లకు డబ్బు పెట్టినట్టే. సోలార్ అమ్మేవాళ్లు ఈ వరుస చెప్పరు, వాళ్ల వ్యాపారం వాళ్లది.

300 దాటిన ఇళ్లు: డాబా మీదికి

ఇక్కడ సోలార్‌కు తిరుగు లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రాయితీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000. మూడు కిలోవాట్లకూ, ఆపైన ఎంత పెట్టినా గరిష్ఠంగా రూ.78,000. అయిదు కిలోవాట్లు పెట్టిస్తే రాయితీ ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఇస్తాయి. మూడు కిలోవాట్లకు నెలకు 360. నెట్ మీటరింగ్‌లో మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి గ్రిడ్‌కు పంపినవి తీసేసి మిగతావాటికే బిల్లు వేస్తారు. 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఇప్పుడు యూనిట్ల ఛార్జీ రూ.2,690. సోలార్ తర్వాత మిగిలేవి 40 యూనిట్లు, రూ.1.95 చొప్పున రూ.78. తగ్గింది యూనిట్లు మాత్రమే అనుకోకండి, స్లాబు కూడా అడుగుకు దిగింది. స్థిర ఛార్జీలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

మూడు కిలోవాట్లకు రూ.1.8 లక్షల నుంచి రూ.2.2 లక్షల దాకా ధరలు చెబుతున్నారు. రాయితీ పోను లక్షా ఇరవై వేల చుట్టూ అనుకుందాం. నెలకు రూ.2,600 మిగిలితే నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. వానాకాలంలో ఉత్పత్తి తగ్గుతుంది, మధ్యలో ఏదో ఒక చిన్న ఖర్చు వస్తుంది, కాబట్టి అయిదేళ్లు వేసుకోండి. ప్యానెళ్ల ఉత్పత్తికి కంపెనీలు ఇచ్చే హామీ 25 ఏళ్లు. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. 3 కిలోవాట్ల వరకు బ్యాంకులు రూ.2 లక్షల దాకా తాకట్టు లేకుండా, రెపో రేటుతో ముడిపెట్టి తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నాయి. బంగారం కుదువ పెట్టే ముందు ఆ దారి చూడండి. ఇంకో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు రాయించుకున్న కొటేషన్ మీ దగ్గర ఉంటే చించేసి కొత్తది అడగండి.

అవసరం కంటే పెద్ద ప్లాంటు పెట్టి మిగులు అమ్ముకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. మిగిలిన యూనిట్లకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర, మీరు పై స్లాబులో కట్టే ధరకు దరిదాపుల్లో ఉండదు. మీ ఏడాది వాడకాన్ని పన్నెండుతో భాగించి, ఫ్యాన్ల ఆదా తీసేసి, 120తో (ఒక కిలోవాట్ నెలకు ఇచ్చే యూనిట్లతో) భాగిస్తే మీకు కావలసిన కిలోవాట్లు వస్తాయి.

డాబా, ఎండ, బూడిద, కోతులు

కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగులు కావాలి. మూడు కిలోవాట్లకు 33 గజాలు. అది కూడా ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడ పడని 33 గజాలు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన రెండో అంతస్తు, వీధిలోని కానుగ చెట్టు, వీటి నీడ డిసెంబరులో ఎంత దూరం వస్తుందో చూసుకోవాలి. వేసవిలో వచ్చి చూసిన మనిషికి ఆ నీడ కనిపించదు. వరుసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి కూడా దెబ్బతినవచ్చు. నీడ తప్పనిచోట ప్యానెల్‌కు ఒకటి చొప్పున పెట్టే మైక్రో ఇన్వర్టర్ల గురించి అడగండి, ఖర్చు కొంత ఎక్కువ.

ఎండ ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ అనుకోవడం సహజం. నిజానికి ప్యానెల్ 25 డిగ్రీల పైన వేడెక్కే ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున ఉత్పత్తి కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలు దాటుతుంది, అంటే పది శాతానికి పైగా నష్టం. అందుకే స్లాబుకు ఆనించి పడుకోబెట్టకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించాలి. మనిషి నిలబడేంత ఎత్తు ఫ్రేమ్ అయితే కింద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకునే జాగా ఎక్కడికీ పోదు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ ఏప్రిల్, మే గాలిదుమారాలకు పట్టు ఎక్కువ ఇవ్వాలి. జింకు పూత పూసిన ఇనుమేనా, లేక రంగు వేసిన మామూలు ఇనుమా? కాళ్ల కింద సిమెంటు దిమ్మెలు పోస్తారా, లేక స్లాబుకు చిల్లులు పెడతారా? ఇవి రాతపూర్వకంగా ఉండాలి. చిల్లులు పెట్టిన చోట వానాకాలం ఇంట్లోకి నీరు దిగితే ఆ తలనొప్పి ఏ రాయితీతోనూ తీరదు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైసు మిల్లుల బూడిద, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ప్యానెళ్ల మీద పేరుకుంటుంది. రెండు వారాలకొకసారి కడగాల్సిందే, అదీ తెల్లవారుజామునో సాయంత్రమో. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర అట్టగడుతుంది. మన దగ్గర భూగర్భ జలం ఎంత కఠినమో ఇంట్లో కుళాయి చూస్తే తెలుస్తుంది. మిషన్ భగీరథ నీళ్లు రెండు బక్కెట్లు పక్కన పెట్టుకుంటే చాలు. ఇక కోతులు. ప్యానెల్ మీద గెంతడం కంటే వేలాడుతున్న తీగలు లాగడమే వాటికి సరదా. తీగలన్నీ గొట్టాల్లోంచి తీసుకెళ్లాలని ముందే ఒప్పందంలో రాయించండి.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది

ఇది చాలామందికి ప్యానెళ్లు బిగించాకే తెలుస్తుంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైను పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది. కోతలప్పుడు కూడా వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి. దానికి అదనంగా లక్షకు పైగా అవుతుంది, బ్యాటరీకి కేంద్ర రాయితీ వర్తించదు. రోజుకు గంటా రెండు గంటలు పోయే పట్టణాల్లో ఇప్పటికే ఇంట్లో ఉన్న ఇన్వర్టరు, బ్యాటరీ చాలు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద రోగి ఉంటేనో, కోతలతో నడవని కుట్టుమిషన్ల పని ఉంటేనో హైబ్రిడ్ ఆలోచించండి. గ్రిడ్‌తో సంబంధమే లేని ప్లాంటు, తీగ రాని పొలం దగ్గర గుడిసెకో, నల్లమలలోని చెంచు పెంటలకో తగినది. పట్టణంలో తీగ తెంపుకోవడం అనవసర ఖర్చు.

నెట్ మీటరున్న ఇల్లు కూడా రాత్రిపూట వాడుకునేది గ్రిడ్ కరెంటే. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, గ్రైండరు పగటిపూటకు మార్చుకుంటే బిల్లులో తేడా రాదు గానీ, సాయంత్రం బొగ్గు కేంద్రాల మీద పడే భారం ఆ మేరకు తగ్గుతుంది. శుభ్రమైన కరెంటు కోసమే ఇంత దూరం వచ్చినవాళ్లు ఇది చేయకపోతే సగం పనే చేసినట్టు.

ఎవరితో పెట్టించుకోవాలి?

కరెంటు కంపెనీని ఎంచుకోలేకపోయినా ప్యానెళ్లు బిగించే సంస్థను ఎంచుకునేది మీరే. సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన సంస్థలకే రాయితీ వర్తిస్తుంది. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి. మొత్తం ధర చూసి మోసపోకుండా కిలోవాట్‌కు ఎంత పడుతోందో లెక్కకట్టండి. ప్యానెల్ కంపెనీ, మోడల్, దేశీయ సెల్స్‌తో చేసినదేనా అన్నది రాయించండి. దేశీయ సెల్స్ కాకపోతే రాయితీ రాదు. ఎర్తింగ్, పిడుగు నిరోధకం, నెట్ మీటరు ఖర్చు ధరలో కలిసి ఉన్నాయా? అయిదేళ్ల నిర్వహణ ఎవరిది? ఇన్వర్టరు పాడైతే మనిషి హైదరాబాద్ నుంచి రావాలా, నల్గొండలోనే ఉన్నాడా? నా మటుకు నేను అయిదు వేలు ఎక్కువైనా దగ్గర్లో మనిషి ఉన్న సంస్థకే మొగ్గుతాను. మే నెలలో ఇన్వర్టరు పది రోజులు ఆగితే మూడు కిలోవాట్ల ప్లాంటుకు పోయేది 120 యూనిట్లు.

రాయితీ మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, అదీ ప్లాంటు మొదలయ్యాకే. "రాయితీ మేం చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు" అనే ఏజెంటుకు ఓటీపీ చెప్పకండి. డబ్బంతా ముందే ఇవ్వకుండా, చివరి విడత నెట్ మీటరు బిగించాక ఇస్తామని రాసుకోండి.

కాగితాల దగ్గర మన ఇళ్లలో ఎక్కువగా ఆగేది ఒకచోటే: మీటరు ఇప్పటికీ చనిపోయిన తాత పేరు మీదే ఉంటుంది. దరఖాస్తుదారు పేరు, బిల్లు మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటి కావాలి. కాబట్టి కొటేషన్ల కంటే ముందు పేరు మార్పిడి దరఖాస్తు పెట్టండి. మంజూరైన లోడు ఒక కిలోవాటే ఉందని దిగులు పడనక్కర్లేదు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క, లోడును డిస్కమే సరిచేయాలి. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) దరఖాస్తులో తప్పు లేకుండా వేయండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు లిఫ్టు, నీటి మోటారు, మెట్ల లైట్ల వంటి ఉమ్మడి అవసరాల మీటరుకు సంఘం పేరిట పెట్టించుకునే వీలుంది, రాయితీ కిలోవాట్‌కు రూ.18,000. అద్దెకుండేవాళ్లు ఫ్యాన్లు కొనుక్కోండి, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లవచ్చు.

కొత్త మీటరు పెట్టిన రోజు తీసుకున్న రీడింగ్, పంపిన రీడింగ్ రెండూ ఫోటో తీసి దాచుకోండి. మొదటి బిల్లులో పంపిన యూనిట్ల గడి ఖాళీగా ఉంటే ఆ ఫోటోతో స్థానిక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇన్వర్టరు యాప్‌లో కనిపించే ఉత్పత్తి కంటే బిల్లులో పంపిన యూనిట్లు తక్కువే ఉంటాయి. మిగతావి పగలు మీ ఇంట్లోనే ఖర్చయి ఉంటాయి, అందులో పొరపాటేమీ లేదు.